నలభై ఒకటో సీసా

ఫిబ్రవరి 2, సోమవారం

నెలలో మొదటి సోమవారం. సీసాల్లో ఫార్మలిన్ నింపే రోజు. ఎంత బిగించినా మూత సందుల్లోంచి కొద్దికొద్దిగా ఆవిరైపోతూనే ఉంటుంది. అలా వదిలేస్తే లోపలున్న అవయవం ఎండి పాడవుతుంది. గరాటు, జగ్గు, స్టూలు పట్టుకుని బయల్దేరాను. మూడు వందల పన్నెండు సీసాలు. కళ్ళు మండాయి, ముక్కు కారింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నెలకోసారి ఏడుస్తున్నాను, అదీ జీతం తీసుకుని.

ఈ మెడికల్ కాలేజీ మ్యూజియంలో ఎవరు ఏ సీసా అడిగినా పుస్తకం తెరవకుండా చెబుతాను. రాళ్ళు పట్టిన కిడ్నీనా? రెండో బీరువా, మూడో అర. అందుకే నాకు క్యాటలాగ్ అని పేరు. స్టూడెంట్లు వెనకాల అంటారు, ప్రొఫెసరమ్మ ముఖం మీదే అంటుంది. పైకి విసుక్కుంటాను గానీ ఆ పేరంటే నాకిష్టం. డైరీలో కూడా అబద్ధం ఎందుకు.

ఫిబ్రవరి 5

ఇవాళ ఒకావిడ వచ్చింది. మార్కెట్ వెనక సందులో కుట్టు షాపట. అరవై దాటి ఉంటాయి. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. గుప్పిట్లోంచి తగరపు బిళ్ళ ఒకటి తీసి నా టేబుల్ మీద పెట్టింది. దాని మీద 41 అని కొట్టి ఉంది.

దొరల కాలంలో వాళ్ళ తాత తోటల్లో కూలీ. జ్వరం తగలడం, కడుపులో బల్ల, అదే ప్లీహం, పెరగడం, మోసుకొచ్చి ఈ ఆస్పత్రిలో చేర్పించడం. పదో రోజు అమ్మమ్మ గేటు దగ్గరికి వస్తే మనిషి పోయాడని చెప్పారట. జ్వరం రూలు ప్రకారం కాల్చేశామని చెప్పి, కట్టుబట్టలూ మణికట్టుకు కట్టిన ఈ బిళ్ళా చేతిలో పెట్టారట. బూడిద ఏదయ్యా అని అడిగితే గేటు వాడు నవ్వాడట. ఆ నవ్వు చూశాక అమ్మమ్మ ఆ మాట నమ్మలేదు. నమ్మకుండానే ముసలిదై, నమ్మకుండానే పోయింది.

మొన్న ఏప్రన్ కుట్టించుకోవడానికి వచ్చిన స్టూడెంటు ఎవరో, మ్యూజియంలో దొర దాచిన సీసాల మీద నంబర్లు ఉంటాయని చెప్పిందట. నలభై ఒకటి ఉందా తమ్ముడూ, అని అడిగింది.

ఉంది అన్నాను. పుస్తకం తెరవకుండానే.

అనేశాక గుండెల్లో రాయి పడింది.

ఫిబ్రవరి 6

ప్రొఫెసరమ్మ పాత రిజిస్టరు తీయించింది. దొర డాక్టర్ చేతిరాత. ముచ్చటైన రాత, ఒక్క కొట్టివేత లేదు. పేషెంటు బిళ్ళ నంబరే సీసా నంబరు. 41. మగ, కూలీ, వయసు 35. పేరు గడి ఖాళీ. డిశ్చార్జ్ తేదీ ఖాళీ. ఎవరికి అప్పగించారు, అదీ ఖాళీ. చివర్న ఎర్ర సిరాతో: బల్ల, మ్యూజియానికి.

ఇవాళ మళ్ళీ వచ్చిన టైలరమ్మ సీసా మీద చెయ్యి వేసింది. తాతయ్యా, అంది. ఆయన్ని చూసి ఎరగదు. ఎప్పుడో అమ్మమ్మ పోయినప్పుడు ఆపుకున్న ఏడుపేమో, ఇప్పుడు వచ్చింది. ప్రొఫెసరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, మా క్యాటలాగ్ లేకపోతే ఇది దొరికేదే కాదు అంది.

నేను వరండాలోకి వచ్చేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

ఫిబ్రవరి 7

రాయాలి. ఇవాళ కాదు.

ఫిబ్రవరి 9

ఉద్యోగంలో చేరిన ఏడాది. ఇన్‌స్పెక్షన్ వస్తోందన్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఎవరూ చెప్పకుండానే కిటికీ పక్క బీరువాలో సీసాలన్నీ దించి, వేణ్ణీళ్ళ టబ్బులో పెట్టి, సబ్బుతో తోమాను. తళతళలాడాయి. వెనక్కి తిరిగి చూస్తే నీళ్ళ మీద లేబుళ్ళు తేలుతున్నాయి. దొరల కాలంలో పిండి జిగురుతో అతికించినవి. మొత్తం పదకొండు.

కిటికీ గట్టు మీద ఆరబెట్టి మళ్ళీ అతికించాను. గుండెది గుండెకి, లివరుది లివరుకి. తొమ్మిదింటికి అనుమానమే లేదు. మిగిలిన రెండూ బల్లలే. 41, 47. రిజిస్టరులో బరువులు చూస్తే 41 నాలుగు ఔన్సులు ఎక్కువ. బయటికి తీసి తూచే ధైర్యం లేదు. కాస్త పెద్దగా కనబడిన దానికి 41 అతికించాను. కంటితో చూసి. అంతే.

ఎవరికీ చెప్పలేదు. వందేళ్ళ నాటి బల్ల కోసం ఎవరొస్తారులే అనుకున్నాను.

వచ్చింది. టేపు మెళ్ళో వేసుకుని మరీ వచ్చింది.

ఫిబ్రవరి 10, ఉదయం 7.30

ఎవరూ రాకముందే గ్లవ్స్ వేసుకుని రెండూ బయటికి తీసి తూచాను. ఇప్పుడు 47 బరువు ఎక్కువుంది. అంటే తప్పు అతికించానా? ఇన్నేళ్ళు ఫార్మలిన్‌లో నాని ఏది ఎంత తగ్గిందో ఎవడికి తెలుసు?

ల్యాబ్ టెక్నీషియన్‌ని ఊరికే అడిగినట్టు డిఎన్ఏ గురించి అడిగాను. వందేళ్ళు అందులో ఉన్నాక చదవడానికి ఏం మిగలదండీ అన్నాడు. ఎందుకు అన్నాడు. మా ఆవిడ చూసే సీరియల్లో వస్తోంది అన్నాను.

ఫిబ్రవరి 13

ప్రిన్సిపాల్ పిలిచాడు. 27న టైలరమ్మకి సీసా అప్పగింత ఫంక్షనట. బ్యానరు, ఫొటోగ్రాఫరు, రెండు పేపర్ల వాళ్ళు. సీసా నేనే అందించాలట. దొర డాక్టర్ ఫొటో కింద నిలబడి.

ఆ ఫొటో దుమ్ము ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేనే తుడుస్తున్నాను. మా చెల్లెలికి ఏడేళ్ళప్పుడు ఇదే జ్వరం వచ్చింది. కడుపు ఉబ్బి, కాళ్ళు పుల్లలై, ఇంట్లో అందరం ఆశ వదులుకున్నాం. ఇరవై ఇంజెక్షన్లతో లేచి కూర్చుంది. ఆ మందు మోతాదు మొదట తేల్చినవాడు ఈ దొరేనని ప్రొఫెసరమ్మ పాఠంలో చెబుతుంది. ఎన్ని బల్లలు కోసి చూస్తే తేలిందో మాత్రం పాఠంలో ఉండదు. ఇప్పుడు మా చెల్లెలికి మనవలు. ఆయన్ని తిట్టాలంటే నోరు రాదు. దండం పెడదామంటే చెయ్యి లేవదు. గేటు దగ్గర నిలబడ్డ ఆ ఇల్లాలికి ఒక్క నిజం చెబితే ఆయన సొమ్మేం పోయేది?

అడుగుతున్నది ఎవరో చూడు. నా సొమ్మేం పోతోంది?

ఫిబ్రవరి 16

భోజనం దగ్గర మా ఆవిడకి చెప్పేశాను. పంచదార డబ్బాలో ఉప్పు పోశానని నన్ను నెల రోజులు సాధించిన మనిషివి నువ్వేనా, అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత తను నవ్వడం ఆపేసింది. ఆ టైలరమ్మకి చెప్పెయ్యి, అంది. పరువు పోతుందే అన్నాను. నీ పరువు పోతే నాలుగు రోజులకి నువ్వే సంపాదించుకుంటావు, ఆవిడ తాతని ఎక్కడ్నించి సంపాదిస్తుంది, అంది.

చెయ్యి కడుక్కుని లేచాను.

ఫిబ్రవరి 18

ముందు ప్రిన్సిపాల్‌కి చెప్పాను. తలుపు వేయమన్నాడు. ఆవిడకి లేని అనుమానం మనకెందుకండీ, కందకు లేని దురద కత్తిపీటకా, అన్నాడు. లేబుల్ ఏం చెబితే అదే రికార్డు. ఆవిడ మనసు చల్లబడుతుంది, మీ పేరు నిలబడుతుంది, ఇందులో నష్టపోయేది ఎవరండీ, అన్నాడు. మంచివాడే. నా మీద జాలితోనే అన్నాడు.

గేటు దగ్గర అమ్మమ్మతో మాట్లాడినవాళ్ళు కూడా ఇలాగే ఆలోచించి ఉంటారు. బల్ల తీశామని చెబితే ఏడుస్తుంది, కాల్చేశామంటే వెళ్ళిపోతుంది, నష్టపోయేది ఎవరు అని.

ఫిబ్రవరి 20, ఉదయం 6

షాపు పదింటికి తెరుస్తుందట. ఇప్పుడే చొక్కా వేసుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

సందులో మూడో షాపు. ఒక మిషను, ఒక స్టూలు, గోడకి గుండీల డబ్బాలు. నన్ను చూసి సంబరపడిపోయింది. రా తమ్ముడూ అని స్టూలు తుడిచి వేసింది. తెల్ల బట్టతో ఒక సంచి కుట్టింది, లోపల మెత్తటి లైనింగు. తాతయ్యని సీసాలో పట్టుకెళ్ళను, ఇందులో పడుకోబెట్టి తీసుకెళ్తాను, చూడు కుట్టు ఎక్కడా బయటికి కనబడదు, అంది.

చెప్పాను. టబ్బు, సబ్బు, లేబుళ్ళు, కిటికీ గట్టు, నాలుగు ఔన్సులు. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆగకుండా చెప్పాను. మిషను చక్రం మీద ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది. అయితే ఇది కాకపోతే అదేనా, అంది. ఆ రెండిట్లో ఒకటి అన్నాను. ఎవరో జాకెట్ల కోసం వస్తే తర్వాత రమ్మంది.

లేచి వస్తుంటే ఒక మాట అంది. ఆ మాట ఇప్పుడు రాయలేను.

ఫిబ్రవరి 21

మా తాతని ఆ దొర ఒకసారి పోగొట్టాడు, నువ్వు రెండోసారి పోగొట్టావు, అంది. తమ్ముడూ అనలేదు.

ఫిబ్రవరి 27

ఫంక్షన్ లేదు. బ్యానరు మడిచి స్టోర్‌రూములో పడేశారు. ప్రొఫెసరమ్మకి కూడా చెప్పాను. కోప్పడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, మీరు తాళం వేసుకోండి అంది. మీరు అంది. క్యాటలాగ్ అనలేదు.

మార్చి 2, సోమవారం

మొదటి సోమవారం. గరాటు, జగ్గు, స్టూలు. నలభై దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో ఆవిడ.

లోపలికి రాలేదు. చూస్తూ నిలబడింది. కొంచెం ఒలికింది, తుడిచి మళ్ళీ పోశాను. 41 నిండా పోశాను. 47 నిండా పోశాను. అప్పుడు అడిగింది, రెండిటికీ ఎప్పుడూ ఇలాగే పోసేవాడివా అని. ఇలాగే అన్నాను. ఒక్క నెల కూడా తప్పలేదా, అంది. మా పెద్దది పుట్టిన రోజు తప్పింది, మర్నాడు వచ్చి పోశాను అన్నాను.

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఫార్మలిన్ ఘాటుకే అనుకుంటాను, నాకూ అదే. చేతిసంచిలోంచి తెల్ల సంచి తీసింది. దాని కిందే ఇంకో తెల్ల సంచి ఉంది. అదే కొలత, అదే లైనింగు.

ఇద్దర్నీ తీసుకెళ్తాను తమ్ముడూ, అంది.

మరి 47 తాలూకు వాళ్ళు ఎప్పుడైనా వస్తేనో అన్నాను. తనకి తట్టలేదట. ఆలోచించి, కాగితం అడిగింది. షాపు అడ్రసు రాసింది. 47 ఉన్న చోట అరకి అంటించమంది. మీ మనిషి మా తాత పక్కన ఉన్నాడని చెప్పు, ఎప్పుడొచ్చినా చూపిస్తానను, అంది.

జిగురు గట్టిగా పెట్టు, అని కూడా అంది.

మార్చి 12

ప్రొఫెసరమ్మ వారం రోజులు తిరిగి పర్మిషన్ కాగితం తెచ్చింది. దాని మీద రెండు నంబర్లూ ఉన్నాయి. నిన్న ల్యాబ్‌లో రెండిటినీ కడిగి, ఆరబెట్టి, సంచుల్లో పెట్టాం. నడుముకు నొప్పి వస్తుంది మీరు వంగకండి అంటే వినకుండా టైలరమ్మే మూతులు కుట్టింది. సన్నటి కుట్టు. కనబడలేదు.

ఊరి చివర ఆవిడ చూసిపెట్టుకున్న చోట ఒకే గొయ్యి. వచ్చింది నలుగురం. ఆవిడ, ప్రొఫెసరమ్మ, నేను, మా ఆవిడ. ఫొటోలు లేవు. టైలరమ్మ తాత పేరు గట్టిగా చెప్పింది. రెండో ఆయన్ని ఏమని పిలవాలో తెలియక, నువ్వు కూడా పడుకో నాయనా అంది. తర్వాత ఆ తగరపు బిళ్ళ లోపల వేయబోయి ఆగింది. ఎవరి మీద వేసేదో తెలియక, ఇద్దరి మధ్యలో పెట్టింది.

తిరిగొస్తుంటే మా ఆవిడ బస్సులో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పెళ్ళైన కొత్తలో కూడా పట్టుకోలేదు.

టైలరమ్మ చెప్పిన ఆ తాత పేరు ఇక్కడ రాయడం లేదు. అది రాయాల్సిన చోటు వేరే ఉంది.

మార్చి 13

ప్రొఫెసరమ్మ రిజిస్టరు నా ముందు పెట్టి, కానివ్వండి క్యాటలాగ్ అంది. నల్ల సిరాతో రాశాను.

41. పేరు: రాశాను. డిశ్చార్జ్ తేదీ: మార్చి 12. ఎవరికి అప్పగించారు: మనవరాలికి.

47. పేరు: తెలియదు. డిశ్చార్జ్ తేదీ: మార్చి 12. ఎవరికి అప్పగించారు: మనవరాలికి.