కిర్రుమనని తలుపు

అమ్మా, నీ నాజియా సలాం. నేను బాగున్నాను, దిగులు పడొద్దు.

మా మేడం ఎప్పుడో చనిపోయిన ఒక ఇంగ్లీషు రచయిత్రి ఇంటి సంగతులు పుస్తకంగా రాస్తోంది. ఆ రచయిత్రి తన గది తలుపు కిర్రుమంటున్నా బాగుచేయనిచ్చేది కాదట. చప్పుడు వినగానే రాసేది దాచేసేదట. ఇక్కడా అంతే. మధ్యాహ్నం తలుపు కిర్రుమంటుంది, మేడం కాగితాల మీద గుడ్డ కప్పుతుంది, లోపలికి మాత్రం ఎవరూ రారు. ఏసీ గాలేలే అని, ఆ గోల పడలేక, నిన్న నువ్వు పంపిన కొబ్బరినూనె మడతబందులకు పూశాను. మేడం ముఖం పాలిపోయింది.

"ఖలాస్ నాజియా! ఇక ఆమె వచ్చేది నాకెట్లా తెలుస్తుంది?" అంది.

తలుపుకు నూనె పెట్టడం కూడా తప్పేనా? దర్గాలో తాయెత్తు కట్టించి యాసీన్ మామతో పంపు. నూనె పంపొద్దు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? తస్లీమా బడికి పోతోందా?

మేడం డేరా బజారుకు వెళ్లింది, చీకటి పడేదాకా రాదు. ఆమె బల్ల దగ్గరే కూర్చుని ఈ కార్డు రాస్తున్నాను. ఇప్పుడే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. కార్డుకు అరచెయ్యి అడ్డం పెట్టి రాస్తున్నాను. నీకూ చెల్లికీ నా దువా.