పదిహేను ప్రోగ్రాముల కింద

సాయ్‌కల్ అక్కకు,

నారిన్ నుంచి నీ తమ్ముడు ఎర్మెక్ నమస్కారాలు. నాన్న వేళకి తింటున్నాడు, తిరుగుతున్నాడు. పద్నాలుగు గొర్రెల్లో ఒకటి కుంటుతోంది, మిగతావన్నీ క్షేమం. అక్కడ యెకాతెరిన్‌బర్గ్ చలిలో నువ్వూ, బావా, మేనకోడలు ఐపెరీ కులాసా అని తలుస్తాను. నువ్వు పంపిన బూట్లు నాన్నకి సరిగ్గా సరిపోయాయి. వేసుకుని దొడ్లోకి వెళ్లమంటే వినడు, పెళ్లిళ్లకట అవి!

ఫోన్ ఉండగా ఈ కాగితాలేంట్రా అంటావు. బూట్ల పెట్టెలో నువ్వు ఉత్తరం పెట్టావుగా, దానికి జవాబు అనుకో. నిజం చెప్పాలంటే ఫోన్‌లో నా మొహం కనబడుతుంది. చూశావంటే ఇట్టే పట్టేస్తావు.

ఐపెరి కొత్త లాప్‌టాప్‌లో ఏమేం వేయాలని అడిగావు. ఒక మంచి బ్రౌజరు, ఏ సినిమానైనా ఆడించే ప్లేయరు, కట్ట కట్టిన ఫైళ్లు విప్పేది ఒకటి, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునేది ఒకటి, వైరస్‌ని ఆపేది ఒక్కటంటే ఒక్కటే. రెండు పెడితే అవి రెండూ కొట్టుకుంటాయి. మన కిర్గిజ్ అక్షరాల కీబోర్డు మాత్రం మరిచిపోకు. అది లేకపోతే పిల్ల అమ్మమ్మ పేరు కూడా సరిగ్గా రాయలేదు.

బజార్లో దీన్ని 'ఎర్మెక్ సెట్టు' అంటారు తెలుసా? మొత్తం పదిహేను ప్రోగ్రాములు, ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. గుచ్చి టీ తాగొచ్చేసరికి అన్నీ వాటంతటవే ఎక్కేస్తాయి. నా కంప్యూటర్ రిపేరు కొట్టుకి ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను, "లోపల మీకు కావలసినవి ఏమన్నా ఉన్నాయా? అంతా తుడిచేస్తాను మరి!" అని. ఆరేళ్లలో ఒక్కరినీ అడక్కుండా ముట్టుకోలేదు.

నువ్వడిగిన రెండో ప్రశ్న, నాన్న కంప్యూటర్‌లో రాస్తున్న వంశచరిత్ర ఎంతవరకు వచ్చిందని. పోయిన రెండుసార్లూ "సాగుతోంది" అని మెసేజ్ పెట్టాను. అబద్ధమక్కా. అది లేదు. నేనే తుడిచేశాను.

నవంబర్లో నాన్న కొచ్‌కోర్‌లో చావు విందుకని వారం రోజులు వెళ్లాడు. కంప్యూటర్ నత్తలా నడుస్తోందని పోయేముందు విసుక్కున్నాడు. వచ్చేసరికి గుర్రంలా పరిగెత్తించి చూపిద్దామనుకున్నాను. ఊళ్లో అందరినీ అడిగే ఆ ఒక్క మాట, నా సొంత తండ్రిని అడగలేదు. డిస్కు తుడిచేసి, మళ్లీ అన్నీ ఎక్కించాను. ఆయన రెండు చలికాలాలు ఒంటివేలితో కొట్టిన ఇరవై రెండు తరాల పేర్లూ ఎక్కడో భద్రంగా ఉన్నాయనుకున్నాను. తీరా చూస్తే డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నాడట, డిస్కుతోపాటే పోయాయి!

ముందు చేత్తో రాసుకున్న కాగితాలు ఉండాలి కదా అంటావు. "కంప్యూటర్‌లో పెడితే వందేళ్లకీ చెక్కుచెదరదు నాన్నా" అని చెప్పింది నేనే. ఆ మాట నమ్మి, కొట్టిన పేజీ కొట్టినట్టే పొయ్యి రాజేయడానికి వాడేశాడు.

వచ్చీ రాగానే "ఒరే, నా ఫోల్డరేదిరా?" అన్నాడు. "బాగుచేస్తున్నాను, ఆగు" అన్నాను. అలా రెండు నెలలు ఆపాను. పోయిన ఫైళ్లు వెలికితీసే మాస్టర్ ఒకాయన బిష్కెక్‌లో ఉంటే, ఆయన దగ్గరికి డిస్కు పట్టుకెళ్లాను. చూసి నన్ను ఎగాదిగా చూశాడు. "తుడిచాక అక్కడితో ఆగుంటే చాలావరకు తీసేవాణ్ణి. దానిమీద ఇదంతా ఎవడెక్కించాడు?" అన్నాడు. ఇంకెవడు, నేనే. నేను ముచ్చటపడి ఎక్కించిన ఆ పదిహేనూ మన తాతల మీద కూచున్నాయి.

ఇంకో సంగతి కూడా నీకు దాచాను. నాన్న మరిచిపోతున్నాడక్కా. టీలో రెండుసార్లు ఉప్పేస్తాడు. మొన్న నన్ను పోయిన బాబాయ్ పేరుతో పిలిచాడు. తనకి ముందే తెలుసనుకుంటా, అందుకే అంత ఆత్రంగా రాశాడు. అడుగుదామంటే ఆయన ఈడువాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అత్‌బాషీ దాకా వెళ్లి ఒక ముసలాయన్ని అడిగి రాసుకొచ్చాడే, ఆయనా పోయాడు.

నిన్న మధ్యాహ్నం చెప్పేశాను. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. లేచి దొడ్లోకి వెళ్లాడు, కొత్త బూట్లతోనే. చాలాసేపటికి వచ్చి, "కాగితం తే" అన్నాడు. తన పేరు రాశాడు, దాని పైన తండ్రిది, ఆ పైన తాతది, అలా నాలుగు దాకా వచ్చాడు. అక్కడ పెన్ను ఆగిపోయింది. నావైపు చూశాడు. నాకు రాదు. మన ఆనవాయితీ ప్రకారం ఏడు తరాల పేర్లు ఒప్పజెప్పాల్సిన మగపిల్లాణ్ణి, నాకు రాదు!

నీకు గుర్తుందా, చుట్టాలొస్తే ఆ పేర్లు చెప్పమని నాన్న నన్ను నడిమధ్యన నిలబెట్టేవాడు. నేను మూడో పేరు దగ్గరే తడబడేవాణ్ణి. నువ్వు టీ కాచే సమోవార్ పక్కనుంచి ఒక్కో పేరూ గుసగుసగా అందించేదానివి. పెద్దలు మెచ్చుకుని, విందులో ఉడికించిన గొర్రె చెవి బహుమానంగా నా చేతిలో పెట్టేవాళ్లు. నీకు ఎవరూ ఏమీ పెట్టలేదు, ఆడపిల్లవి కదా, నిన్ను అడగనే లేదు.

ఈ మాట నాన్నకి చెబుదామని నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు, "అమ్మాయికి రాయరా. దానికి వచ్చు. అది నీకు అందిస్తుంటే నాకు వినబడేది. వినబడనట్టు కూచునేవాణ్ణి."

ఏడు దాటినవి పోయినట్టేనక్కా, వాటికి నన్ను ఏం చేసినా పాపం లేదు. కానీ ఐదు, ఆరు, ఏడు నీ దగ్గరున్నాయి. కాగితం మీద రాసి, వెంటనే పంపు. నాన్న ఆ కాగితం మడవలేదు, బల్ల మీదే పెట్టాడు. నాలుగో పేరు పైన ఖాళీ వదిలాడు. అన్నిటికన్నా అడుగున, పిల్లల చోట మాత్రం ఈసారి మనిద్దరి పేర్లూ రాశాడు. ముందు నీది.

ఇట్లు,
నువ్వు అందిస్తే తప్ప నోరు పెగలని నీ తమ్ముడు,
ఎర్మెక్