కాచని తప్పెట

శనివారం రాత్రి, పళ్లిపట్టి

మా డాన్సు బృందం కొత్త నృత్యాన్ని ఈ రోజు ధర్మపురిలో మొదటిసారి ప్రదర్శించింది. దాన్ని నేను కూర్చిందే నాయిన తప్పెట దరువు మీద. వాయించే ముందు తప్పెటను గడ్డిమంట దగ్గర కాచాలి. తోలు బిగుసుకుంటేనే మోగుతుంది. హాలువాళ్లు మంట పెట్టకూడదన్నారు. నేను ఇంకోమాట అడగలేదు.

“కాచకుండా ఎట్లమ్మా వాయించేది?” అన్నాడు నాయిన.

“ఈ ఒక్క రోజుకు సర్దుకో నాయినా” అన్నాను.

ఏసీ చలికి తోలు సడలి, తప్పెట అట్టపెట్టెను కొట్టినట్టు పలికింది. తెర పక్క నుంచి సౌండువాళ్లకు సైగ చేసి నాయిన మైకు ఆపించాను. రిహార్సల్లో రికార్డు చేసిన ఆయన దరువునే స్పీకర్లలో పెట్టించాను. డాన్సర్లు ఒక్క అడుగు తప్పలేదు. వేదిక మీద నాయిన చివరిదాకా వాయిస్తూనే ఉన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

బస్సు దిగేటప్పుడు నాయిన, “రికార్డు బాగుందిమ్మా. ఇంక నేను రాకపోయినా జరుగుతాది మీకు” అన్నాడు.

ఇంటికొచ్చి పెరట్లో గడ్డి అంటించి, తప్పెటను చాలాసేపు కాచాడు. ఒక్క దెబ్బయినా వేయకుండా గోడకు తగిలించాడు.