జామచెట్టుకు కట్టిన సీడీలు

రాజమండ్రి,
12-11-2003

అక్కా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ ఉత్తరం బావగారికి చూపించకు.

మొన్న సామర్లకోట వచ్చి కూడా మీ ఇంటికి రాలేదని బాధపడ్డావట. మీ వీధిదాకా వచ్చాను. పక్కింటి కన్యకగారి జామచెట్టు దగ్గర ఆగిపోయాను. చిలకలు వాలకుండా కొమ్మలకు సీడీలు కట్టారు. అవి గాలికి తిరుగుతుంటే వాటి మీద నా ఆట పడవ బొమ్మ కనిపించింది. అడిగితే, "శ్రావణ శుక్రవారాలన్నీ మీ అక్కగారు తాంబూలంలో ఇవే పెట్టారండి. మాకు కంప్యూటర్ ఎక్కడిదండీ" అన్నారు.

అట్నుంచి అటే సీడీల షాపుకి వెళ్లాను. అక్కడ అమ్ముడైన రెండు వందల నలభైలో నూట అరవై నువ్వే కొన్నావట.

నా పడవ పందెం ఆట వెయ్యి సీడీలు వేయించాననీ, ఏడు వందలు అమ్మితే పెట్టుబడి తిరిగొస్తుందనీ నీకు చెప్పింది నేనే. శ్రావణం చివరికి అన్ని ఊళ్ల షాపులూ కలిపి లెక్క ఏడు వందల ఇరవై దాటింది. జనం ఆడుతున్నారనుకున్నాను. ఆ ధైర్యంతోనే అప్పు తెచ్చి ఇంకో మూడు వేలు వేయించాను. దీపావళికి పదకొండు అమ్ముడయ్యాయి. మిగతావి హాల్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి. పిల్లలు వాటి మీదే కూర్చుని అన్నం తింటున్నారు.

నీ మీద కోపం లేదు. ఆ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. నువ్వు కొనకపోయి ఉంటే మొదటి వెయ్యితోనే ఆగిపోయేవాణ్ణి.

ఇంక కొనకు. ఒక్క సంగతి మాత్రం నిజం రాయి. నువ్వు పంచిన ఇళ్లల్లో ఒక్కళ్లయినా ఆ ఆట ఆడారా?

నీ తమ్ముడు