పుచ్చకాయ ఫోన్లోనా, కొట్టులోనా?

సోమవారం, పొద్దున్నే

ఈ డైరీ మా అమ్మాయి ఇచ్చింది. తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఏటా పంచుతారట. "ఊరికే గోడ చూస్తూ కూర్చునే బదులు ఏం కొనాలో రాసుకోమ్మా" అంది. నాది నాలుగో తరగతి చదువు. ఒత్తులు ఎగిరిపోతే ఎగిరిపోనీ.

ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి! ఇంటి సరుకుల్ని రెండుగా చీల్చేశాం.

ఫోన్లో కొనేవి: బియ్యం, నూనె, చక్కెర, ఉప్పు, సబ్బులు. సీలు వేసి ఉంటాయి, ఎవరు తీసిచ్చినా ఒకటే.

కొట్టులో కొనేవి: కూరగాయలు, పళ్ళు. చేత్తో పట్టి చూడాలి.

ఇది అమ్మాయి చేసిన ఏర్పాటు. దాని కింద నా ముక్క ఒకటి కలిపాను: కొట్టుకి నేను వెళ్ళను, ఆయన వెళ్తారు.

"నాన్నా? దోసకాయకీ సొరకాయకీ తేడా తెలీదు నాన్నకి!"

"నా మోకాళ్ళు బాగాలేవే."

అది నా మోకాళ్ళ వంక చూసింది. నా మొహం వంక చూసింది. "సరే, నాన్నే" అంది.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నా డైరీలో నాకే అబద్ధం ఎందుకు? మొన్న వానాకాలంలో మా చిన్నోడు జ్వరంతో ఆస్పత్రిలో పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. లిఫ్టులు బాగుచేసేవాడు. మా వీధిలో అందరికీ దానంతట అదే తెలిసింది. కొట్టు వదినకి (చుట్టం కాదు, వరస కలుపుకున్నాం) తెలీదు. ఆవిడ కొట్టు పెద్ద రోడ్డుకి అవతల, మార్కెట్లో. ఇటు కబుర్లు అటు దాటవు. వాడు పోయాక నేనటు వెళ్ళలేదు, సరుకులన్నీ అమ్మాయే తన షాపు దగ్గర కొని తెస్తోంది. నేను కనబడితే చాలు, మా చిన్నోడి కోసం "మా అల్లుడేడీ?" అంటుంది. అప్పుడు నేను చెప్పాలి. ఆ మాట నా నోటితో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అందుకని, మోకాళ్ళు.

సోమవారం, సాయంత్రం

బియ్యం వచ్చాయి! బస్తా తిన్నగా వంటింటి గుమ్మం దాకా! ఇన్నేళ్ళు చంకలో మోసుకొచ్చానే, ఎంత తెలివితక్కువదాన్ని! బేరం లేదు, నిలబడే పని లేదు, ఎవరూ ఏమీ అడగరు.

ఎవరూ ఏమీ అడగరు. అదే అన్నిటికన్నా హాయి.

మంగళవారం

ఆయన పొద్దున్న సంచి పట్టుకుని పోయి భోజనం వేళకి వచ్చారు. టమాటాలు మెత్తన. ఉల్లిపాయలకి మొలకలు. దోసకాయలు తెమ్మంటే సొరకాయ! కానీ మనిషి మాత్రం హుషారుగా ఉన్నారు. కాళ్ళు కడుక్కుంటూ ఏదో కూనిరాగం.

"ఏమంది వదిన?"

"నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయంది."

"ఇంకేమీ అడగలేదా?"

"ఏం అడుగుతుంది?" అంటూ గుమ్మంలో చెప్పులు వరసగా సర్దారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ చెప్పులు సర్దింది నేను.

గురువారం

పద్ధతిలో చిన్న సవరణ. టమాటాలు కూడా ఫోన్లోకి మార్చాను. ఆయన తెచ్చే కాయలు చూడలేక.

తెచ్చినాయన గడ్డం నెరిసిన పెద్దాయన. గుమ్మంలోనే సంచి విప్పి చూశాను.

"ఇది నలిగింది బాబూ. ఇది పచ్చిది. వేరేవి ఏరి ఇవ్వు."

"తల్లీ, నేను తెచ్చేవాణ్ణి. ఏరేవాణ్ణి కాదు."

"మరి ఏరినవాళ్ళెవరు?"

"నేనూ ఇంతవరకు చూళ్ళేదమ్మా" అన్నాడు పాపం.

వెళ్ళిపోయాక, ఐదు చుక్కలకి ఎన్ని ఇస్తారని ఫోన్ అడిగింది. ఆయనకి ఐదూ ఇచ్చాను. టమాటాలకి విడిగా ఇవ్వడం కుదరదట.

మధ్యాహ్నం మా ఆయన మళ్ళీ సంచి తీశారు. ఉప్పు అయిపోయిందట.

"ఉప్పు ఫోన్ సరుకండీ!"

"ఓ, మర్చిపోయా" అన్నారు. అప్పటికే వీధిలోకి దిగిపోయారు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఏ మరలో ఏ స్క్రూ ఉందో నిద్రలో అడిగినా చెప్తారు. ఉప్పు ఒకటి మర్చిపోయారట.

శనివారం

వదిన నా మోకాళ్ళకి లేపనం పంపింది. వేడి నీళ్ళతో కాపడం పెట్టాక రాసుకోవాలట, గాలి తగలకూడదట, మెట్లెక్కకూడదట. సిగ్గేసింది. బాగున్న మోకాళ్ళకే రాసుకున్నాను. భగ్గున మండాయి.

సంచి అడుగున పుచ్చకాయ ఉంది. ఇంత పెద్దది.

"ఇదెందుకు? నేను చెప్పలేదే?"

"వదిన ఇచ్చింది. ఈ ఏడు మొదటి కాయ. అల్లుడికి..." అని ఆగిపోయారు.

పుచ్చకాయలంటే మా వాడికి ప్రాణం. ప్రతి కాయకీ చెవి ఆనించి, వేలితో కొట్టి, "అత్తా, లోపలెవరో ఉన్నారు, తలుపు తీయడం లేదు!" అనేవాడు. "ముందు డబ్బులియ్యరా, వాళ్ళే తీస్తారు" అనేది వదిన.

"అల్లుడికి ఏంటండీ?" అన్నాను.

ఆయన పీట మీద కూలబడ్డారు. "వెళ్ళిన మొదటి రోజే అడిగింది. చెబుదామనే నోరు తెరిచాను. పెద్ద ఊళ్ళో లిఫ్టుల కంపెనీలో పని దొరికింది, వెళ్ళాడు చెల్లెమ్మా అని వచ్చేసింది."

పొయ్యి కట్టేసి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"తర్వాత మాట మీద మాట అడుగుతుంది కదే. మేస్త్రీని చేశాను."

"ఎవర్ని?"

"వాణ్ణే. కింద నలుగురు మనుషులు. మంచివాళ్ళే."

"ఇంకా?"

"మీసం పెంచాడని చెప్పా."

తిట్టాలి. చేతిలో గరిటె కూడా ఉంది. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఎలాంటి మీసం?"

"సన్నది. కొసలు కొంచెం కిందికి."

"తిండో?"

"వంట నేర్చుకున్నాడు."

"వాడా! నీళ్ళు కాచమంటే గిన్నె మాడబెట్టిన వాడా!"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో తెలీదు. పుచ్చకాయ మధ్యలో ఉంది. కోయలేదు.

ఇప్పుడు అర్థమైంది ఆ హుషారు. ఆ కొట్టులో మా వాడు ఇంకా ఉన్నాడు. పని చేస్తున్నాడు, తింటున్నాడు, మీసం దువ్వుకుంటున్నాడు. ఈయన రోజూ వెళ్ళి చూసి వస్తున్నారు.

ఆదివారం

ఇది తప్పు. ఆగాలి. పద్ధతి మార్చేశాను, గట్టిగా! అన్నీ ఫోన్లోనే. కూరగాయలూ, పళ్ళూ, అన్నీ. ఆయన కొట్టుకి వెళ్ళకూడదు.

దోసకాయలు ఐదు అని నొక్కాను. ఐదు మూటలు వచ్చాయి. వెల్లుల్లి ఒకటి అని నొక్కాను. ఒక్కటే వచ్చింది, ముద్దుగా, డబ్బాలో పెట్టి. 'ఇవి కొన్నవాళ్ళు ఇవి కూడా కొన్నారు' అంటే మొహమాటానికి ఏదో నొక్కాను. కిటికీ అద్దాలు తుడిచే పొడుగు కర్ర వచ్చింది. వదినైతే, "మీ ఇంట్లో ఉన్నవి రెండు కిటికీలు, నీకిదెందుకు వదినా?" అని లాక్కునేది.

ఆయన చొక్కా వేసుకుని, సంచి మడిచి ఒళ్ళో పెట్టుకుని, వరండాలో కూర్చున్నారు. వెళ్ళడానికి చోటు లేదు.

అమ్మాయికి అంతా చెప్పాను. ఫ్రిజ్ నిండా దోసకాయలు చూసి నవ్వబోయింది, నాన్న మొహం చూసి మానేసింది. "ఎవరో ఒకరు చెప్పాలి కదమ్మా" అంది.

బుధవారం

నేనే చెప్తాను. ఇవాళే. వెళ్ళడం, చెప్పడం, వచ్చేయడం. ఏమీ కొనను. సంచి కూడా తీసుకెళ్ళను!

అదే రోజు, సాయంత్రం

కొన్నవి: టమాటాలు, ఉల్లిపాయలు, నిమ్మకాయలు, సబ్బులు, ఉప్పు (ఇంట్లో మూడు పొట్లాలున్నాయి), సంచి.

నన్ను చూడగానే వదిన తక్కెడ వదిలేసి వచ్చింది. "అబ్బో, మహారాణిగారు! ఫోన్లో కొంటున్నావట. ఆ ఫోను నీకు మంచినీళ్ళిచ్చిందా? కుర్చీ వేసిందా?"

"వదినా, నీకొక మాట..."

"ముందు కూర్చో, మోకాళ్ళు! మా అల్లుడికి మీసమట? నాతో ఒక్క మాట చెప్పకుండానే!"

కూర్చున్నాను. నోరు తెరిచాను. చెప్పాల్సిన మాట నాలిక మీదే ఉంది. ఆవిడ మొహం చూశాను. వాడి కోసం ఆ మొహం ఎంత వెలిగిపోతోందో! మా ఇంట్లో వాడి పేరెత్తితే ఎవరి మొహమూ అలా లేదు ఇన్నాళ్ళుగా.

"అస్సలు బాగోలేదు వదినా. తీసేయమన్నాను" అన్నాను.

"నువ్వూరుకో! మగపిల్లాడన్నాక ఉండాలి."

పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను. వాడు చలికి దగ్గుతున్నాడని చెప్పాను. అద్దెగది కిటికీలోంచి గాలి కొడుతుందని చెప్పాను. ఆ కిటికీ నాకు కనబడింది కూడా.

ఇంటికి రాగానే ఆయన లేచి నిలబడ్డారు. "చెప్పావా?"

"మీసం తీసేయమన్నానని చెప్పాను."

ఆయన సంచి అందుకుని ఉల్లిపాయలు బుట్టలో పోశారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

శుక్రవారం

అయిపోయింది. వదిన తమ్ముడు సరుకు లారీతో ఆ పెద్ద ఊరికే వెళ్తున్నాడట, రేపు. "అల్లుడి అడ్రసు ఇవ్వన్నయ్యా" అని మా ఆయన్ని అడిగిందట. కొత్త దుప్పటి కొనిందట వాడికి. మందపాటిది. కిటికీలోంచి గాలి కొడుతోందని చెప్పింది నేనే కదా.

"ఏమన్నారు మీరు?"

"అడ్రసు నీ దగ్గరుందన్నాను."

"భలే తెలివైన మనిషండీ మీరు!"

"మరి నన్నేం చేయమంటావు? మేస్త్రీ దాకా నేను తెచ్చాను. దుప్పటి దాకా తెచ్చింది నువ్వు."

నిజమే. లారీ ఎక్కిన దుప్పటిని అక్కడ ఎవరు అందుకుంటారు? ఆ తమ్ముడు ఆ ఊళ్ళో గుమ్మం గుమ్మం అడుగుతూ తిరుగుతాడు.

శనివారం

ఇద్దరం వెళ్ళాం. మధ్యాహ్నం, కొట్టులో జనం లేని వేళ. కౌంటరు మీద దుప్పటి మడతపెట్టి ఉంది. గోధుమరంగు, అంచుకి ఎర్ర గీత. దాని పక్కన పుచ్చకాయ.

"రాసివ్వు వదినా అడ్రసు" అని పెన్ను నా చేతికిచ్చింది.

పెన్ను కింద పెట్టాను.

"వదినా, మా చిన్నోడు లేడు. వానాకాలంలోనే పోయాడు. జ్వరమొచ్చి."

చెప్పేశాను. నా నోటితో. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

ఆవిడ నా వంక చూసింది. ఆయన వంక చూసింది. ఆయన తల దించుకున్నారు. ఆవిడ అలాగే వెనక్కి నడిచి ఉల్లిపాయల బస్తా మీద కూర్చుంది.

"మరి మీసం?"

"నేనే పెట్టాను చెల్లెమ్మా" అన్నారు ఆయన.

ఆవిడ లేచి, మడిచిన సంచితో ఆయన భుజం మీద కొట్టింది. నా భుజం మీద కొట్టింది. "వాడి కోసం ఏడవాల్సిన రోజుల్లో నాతో నవ్వుతూ తూకాలు వేయించారు కదే! నేను పరాయిదాన్నా? అత్తా అని పిలిచాడు కదే నన్ను!" అని నా మెడ పట్టుకుని భోరుమంది. నేను ఆవిణ్ణి పట్టుకున్నాను. ఆయన వచ్చి పోయేవాళ్ళకి అడ్డంగా, కొట్టు గుమ్మంలో వీధి వైపు తిరిగి నిలబడ్డారు. టమాటాలు అడిగిన ఒకాయనతో "ఇవాళ లేవండీ" అన్నారు. బుట్టెడు టమాటాలు ఎదురుగానే ఉన్నాయి.

చాలాసేపటికి వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "మీసం బాగుండేది వాడికి" అంది.

"బాగుండేది" అన్నాను.

దుప్పటి తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీ మోకాళ్ళ మీద కప్పుకో."

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి వదినా."

"అదీ అబద్ధమేనా!" ఏడుపు మధ్యలోంచి నవ్వొచ్చింది ఆవిడకి. "ఈ మొగుడూ పెళ్ళాల్లో ఒక్కళ్ళయినా నిజం చెప్తారా?"

వచ్చేముందు నాకు టమాటాలు వేసింది, తూకం చూడకుండా. అలవాటు ప్రకారం మెత్తది ఒకటి అడుగున తోసింది. నేను తీసి పక్కన పెట్టాను. ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిణ్ణి చూశాను. ఇంకోటి తోసింది. అదీ తీశాను.

"మొన్నటిదాకా అన్నయ్య తీసుకెళ్ళాడు, నోరెత్తకుండా" అంది.

"అందుకే ఇంట్లో పచ్చడి తప్ప ఇంకేం లేదు" అన్నాను.

ఆదివారం, పొద్దున్నే

ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి! ఈసారి తిరుగులేదు.

ఫోన్లో కొనేవి: బియ్యం, నూనె, సబ్బులు.

కొట్టులో కొనేవి: మిగతావన్నీ. ఇద్దరం వెళ్తాం. ఏరేది నేను, మోసేది ఆయన. వాడి కబుర్లు చెప్పుకోవచ్చు, జరిగినవి మాత్రమే.

సబ్బులు కొట్టులోకి మార్చాను. వదిన దగ్గర వాడు వాడే రకం ఉంటుంది.

నూనె సంగతి సాయంత్రం ఆలోచిస్తా.

పుచ్చకాయ: కొట్టులోనే. చెవి ఆనించి చూశాకే.