ఐదో ప్రశ్నకు జవాబు

నవంబర్ 18

ఈ రోజు నుంచి నేను కెరీర్ గైడెన్స్ మేడం. ఎమ్మెస్సీ బాటనీ చేసి, ఏడాదిన్నరగా లింగాల ఘనపూర్‌లో అబ్బా కుట్టు మిషన్ చప్పుడు వింటూ కూర్చున్నదాన్ని. ఇంకొకరికి దారి చూపించాలట. ఒక సంస్థ వాళ్లు పెట్టుకున్నారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ముందు ముందు ఏమేం చదవొచ్చో చెప్పాలి. స్కూలుకు బస్సులో అరగంట. హెడ్మాస్టర్ మహిపాల్ సార్ కుర్చీ చూపించి, జర చెప్పమ్మా వీళ్లకు, ఇంటర్ తప్ప ఇంకోటి ఉంటదని ఒక్కనికి తెల్వదు అన్నారు. మంచివాడనిపించింది.

అమ్మీ మాత్రం, ముందు నీ నౌక్రీ సంగతి చూస్కో తరన్నుమ్ అంది.

నవంబర్ 20

ఫారం తయారుచేశాను. ఐదు ప్రశ్నలు. నాలుగు ఎవరైనా అడిగేవే. ఐదోది నా సొంతం: మీ చదువు గురించి ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది? ఎందుకు? వాళ్ల ఫోన్ నంబర్?

పిల్లలకు ఎంత చెప్పినా ఆ ఒక్కరు ఒప్పుకోకపోతే దండగ కదా. నా తెలివికి నేనే మురిసిపోయి రెండు కప్పుల చాయ్ తాగాను.

నవంబర్ 27

ఫారాలు వచ్చాయి. అన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, అసలువి సార్ టేబుల్ మీద పెట్టాను. ఐదో ప్రశ్నకు చాలా మంది "నాయిన" అని రాశారు. ఒకడు, మా ఇంట్ల ఎవరి మాట చెల్లదు, టీవీ నడుస్తది అని రాశాడు.

పదో తరగతిలో రుచిత, తండా పిల్ల. తండ్రి లేడు. అగ్రికల్చర్ పాలిటెక్నిక్ అని రాసింది. నేను ఆ పేరు ఎత్తకముందే ఎట్లా తెలుసని అడిగాను. వాళ్ల మిర్చి తోట చూడటానికి వ్యవసాయ శాఖ మేడం ఒకామె బండి మీద వస్తుందట. ఆమె ఏం చదివిందో ఆమెనే అడిగిందట. మా మామ మీదికెల్లి చూస్తడక్క, ఆమె ఆకు తిప్పి చూస్తది అంది.

నేను బాటనీ ఎందుకు తీసుకున్నానో ఇన్నాళ్లకు గుర్తొచ్చింది.

డిసెంబర్ 16

స్కూల్లో కొత్త నీళ్ల ఫిల్టర్. దాని మీద జనగామలోని ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీ స్టిక్కర్. పిల్లలు వరుస కట్టి తాగుతున్నారు. నేనూ ఒక గ్లాసు తాగాను.

జనవరి 22

ఛీ.

ఆ కాలేజీ పీఆర్వో లక్ష్మీకాంత్ తండాకు పోయాడట. రుచిత చెప్పింది. వాళ్లమ్మ జమ్లీ వాకిట్లోనే ఉంటే ఆమెను పలకరించనైనా లేదట. నేరుగా వెనక ఇంట్లో ఉండే మేనమామ ప్రేమ్‌సింగ్ దగ్గరికి పోయి, అన్నా, మీ మాటనే చెల్లుతదట కద అన్నాడట. మామ పొంగిపోయాడు. ఒక మిక్సీ పెట్టె పుచ్చుకుని, పిల్లను మీ కాలేజీలోనే ఏస్త అని మాటిచ్చేశాడు.

పదో తరగతిలో అందరినీ అడిగాను. ఇరవై ఆరు ఇళ్లకు పోయాడు. తండ్రి మాట చెల్లే ఇంట్లో తండ్రిని పట్టుకున్నాడు, నాయనమ్మ మాట చెల్లే ఇంట్లో నాయనమ్మను. ఒక్క తలుపు కూడా తప్పు కొట్టలేదు.

ఏ తలుపు కొట్టాలో రాసిచ్చింది నేను.

అదే రోజు, సాయంత్రం

మహిపాల్ సార్ దాచలేదు కూడా. ఫారాలు ఇస్తే ఏమైతదమ్మా, పిల్లల మంచికే కద, ఫిల్టర్ ఊకెనే వస్తదా అన్నారు. రెండేండ్లు ఆఫీసుల సుట్టు తిరిగితే ఒక్క బకెట్ గూడ రాలే అన్నారు. అది నిజమే అయ్యుంటుంది. నిజమైనందుకు ఇంకా రోతగా ఉంది. బస్సులో దారంతా నోరు చేదు. ఆ నీళ్లు నేనూ తాగాను.

ఫిబ్రవరి 3

మానేద్దామనుకున్నాను. పాలిసెట్ బుక్కు యాడ దొరుకుతదక్క అని రుచిత అడిగింది. మానలేదు.

మే 29

పాలిసెట్ ఎంట్రన్స్‌లో రుచితకు మంచి ర్యాంకు. సర్టిఫికెట్ల పరిశీలన జూన్ 14న, హనుమకొండలో. ఒరిజినల్ టెన్త్ మెమో లేకపోతే వెనక్కి పంపిస్తారు. సీటు పోతుంది.

జూన్ 10

స్కూల్లో మెమోలు పంచారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని లక్ష్మీకాంత్. రుచిత చేతిలోంచి మామ చేతిలోకి, మామ చేతిలోంచి ఆయన ఫైల్లోకి. ఇక్కడి పద్ధతి ఇదే. మెమో ఎవరి దగ్గరుంటే పిల్ల వాళ్లది. సంతలో బర్రె పలుపు చేతులు మారినట్టు.

జూన్ 12

జనగామలో ఆ కాలేజీకి పోయి మూడు గంటలు కూర్చున్నాను. లక్ష్మీకాంత్ మర్యాదగా చాయ్ తెప్పించాడు. ఇచ్చినాయన వచ్చి అడిగితేనే ఇస్తం మేడం, మా రూల్ అన్నాడు. ఆ తర్వాత కొంచెం ముందుకు వంగి, గా ఫారం మీరే చేసిండ్రట కద, పదేండ్ల సంది ఊర్లు తిరుగుతున్న, గసొంటి ప్రశ్న మాకెన్నడు తట్టలే, మా దాంట్ల చేరుండ్రి అన్నాడు.

వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. చాయ్ ముట్టలేదు. ఇలాచీ వాసన బాగానే వచ్చింది, అదొకటి.

జూన్ 13, ఉదయం 7

తండాకు పోయాను. ప్రేమ్‌సింగ్ వినడు. మాటిచ్చిన బిడ్డా, మిక్సీ గూడ వాడుకున్నం, ఏ మొకంతోని పోవాలె అన్నాడు. జమ్లీ, మా అన్న మాట తప్పనోడు అంది, తప్పితే బాగుండునన్నట్టు. చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని. కాదు. రుచిత గడప దగ్గర నేల చూస్తూ నిలబడింది.

ఫోన్‌లో ఆమె ఫారం ఫొటో తెరిచి ఆయన చేతికిచ్చాను. కూడబలుక్కుంటూ చదివాడు. ఎవరి మాట చెల్లుతుంది: మా మామది. ఎందుకు: మామ నన్ను అడిగినంకనే చెప్తడు.

మళ్లీ చదివాడు. ఈ రెండో ముక్క లక్ష్మీకాంత్ ఆయనకు చెప్పి ఉండడు.

ఫోన్ తిరిగిచ్చాడు. రుచిత వైపు చూడకుండా, ఏం సదువుతవే నువ్వు అని అడిగాడు.

అదే రోజు, మధ్యాహ్నం

బండి ముందర మిక్సీ పెట్టె, వెనక రుచిత, ఆమె వెనక నేను. ప్రేమ్‌సింగ్ పెట్టెను లక్ష్మీకాంత్ టేబుల్ మీద పెట్టి, చిన్న జార్ మూత పలిగింది, గదొక్కటి మాఫ్ చెయ్యి సారూ అన్నాడు. ఇచ్చినాయనే వచ్చి అడిగాడు. రూల్ వాళ్లదే. మెమో ఇచ్చారు.

మిగతా ఇరవై ఐదు అదే ఫైల్లో ఉన్నాయి. చూశాను. చూసి వచ్చేశాను.

జూలై 9

సీటు వచ్చింది. ఆకు తిప్పి చూసే చదువు.

ఆగస్టు 21

ఈ ఏడు తొమ్మిదో తరగతికి నేను ఏ ఫారమూ ఇవ్వలేదు. స్కూలు వాళ్లే పిల్లలతో ఇంటి నంబర్ల లిస్టు రాయించారట.

పొద్దున్నుంచి పదకొండు కాల్స్, అన్నీ అదే కాలేజీ నుంచి. మీ పాప భవిష్యత్తు గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి మేడం అంటారు. ప్రతిసారీ పాప పేరు వేరు.

నీ నంబర్ రాయమని పిల్లలకు నేనే చెప్పిన, ఏమనుకోకక్క అని రుచిత మెసేజ్.

నాకు పదకొండు మంది బిడ్డలు. వాళ్లను అడిగి చెప్తానన్నాను.