ఇటు కాదు బిడ్డా, అటు

ఆగస్టు 4, సోమవారం
పొద్దున సునీత ఫోన్. పడవ పోటీ శుక్రవారమట. "భుజం మళ్ళ నొస్తందమ్మా. డాక్టరు ఆపరేషనే అంటుండు. ఇది అయినంక పడవ ఇడిచిపెట్టమంటవా?"
"దేవుడున్నడు బిడ్డా" అని పెట్టేశాను. నోటితో రానిది చేత్తోనైనా వస్తుందేమోనని పెన్ను పట్టాను. పదో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే.

ఆగస్టు 5
ఆయన వల బాగుచేస్తూ అడిగాడు, "ఏమంటంది నీ బిడ్డ?" చెప్పాను. చెయ్యి ఆగింది. "ముప్పై గూడ నిండలే దానికి..."
వైరా రిజర్వాయర్. ఆయన చేపల పడవ. ముందు కొసన చిన్నప్పటి సునీత, తనకంటే పొడుగు తెడ్డు పట్టుకుని. ఎక్కే ముందు నీళ్ళు కళ్ళకద్దుకోమని చెప్పింది నేను. నేను నేర్పింది అదొక్కటే. తక్కినదంతా వాళ్ళ నాయన.

ఆగస్టు 6
స్పోర్ట్స్ హాస్టల్ నుంచి మొదటిసారి సెలవుకొచ్చి చెప్పింది — పోటీ పడవలో వెనక్కి తిరిగి కూర్చుంటారని. ఆయన ఒకటే నవ్వు.
"ఉల్టా కూసుంటే పోయేది ఎట్ల కనబడతదే?"
"కనబడదు నాయినా. ఇడిచి వచ్చిందే కనబడతది."

ఆగస్టు 7
రేపటి వ్రతానికి పూలు గుచ్చుతుంటే పాత ముచ్చట గుర్తొచ్చి నవ్వొచ్చింది. హైదరాబాద్‌లో దాని మొదటి పోటీ. వెనక్కి కూర్చుంటారన్న ముచ్చటే మరిచిపోయాను. పడవలు అటు పోతున్నాయి, దాని మొహం ఇటుంది. మిగతావాళ్ళ మొహాలు నేనెక్కడ చూశాను? భయపడి తిరిగొస్తోందనుకుని మొత్తుకున్నాను — "ఇటు కాదు బిడ్డా! అటు! అటు!"
గట్టంతా నవ్వు. జన్మలో నేను అరిచింది అదొక్కసారే. గెలిచొచ్చి అన్నది, "మొత్తుకునుడు గూడ వస్తదానే నీకు?"
తర్వాత ఎన్ని దేశాలో. ఇండియా అని రాసిన చొక్కా మా దండెం మీద ఆరుతుంటే వాడకట్టంతా ముట్టి చూసేది. పతకాలన్నీ తెచ్చి దేవుడి గూట్లోని రామయ్య పటానికే వేసింది.
విమానమెక్కే ముందు ప్రతిసారీ అదే మాట — "ఇంటికాన్నుంచే మొత్తుకోవాలె, మరువకు."

ఆగస్టు 8, శుక్రవారం
వ్రతం. కలశం పక్కన ఫోన్ ఆనించి చూశాం. బయల్దేరే ముందు వంగి నీళ్ళు కళ్ళకద్దుకుంది. ఏ దేశపు నీళ్ళో...
నాలుగో స్థానం. దిగుతూ కుడి భుజం పట్టుకుంది. ఆయన లేచి బయటికి పోయాడు.

ఆగస్టు 9
సాయంత్రం ఫోన్ చేస్తుందట. జవాబు కావాలట.
'చాలు, వచ్చెయ్' అని గొంతు దాకా వస్తోంది. ఆ భుజం నేను కన్నది. 'అటు బిడ్డా' అన్నదీ ఈ గొంతే.
రామయ్యా, ఏ మాట ఇస్తావో ఇయ్యి.
ఈ కాగితాలు పటం వెనక పెడుతున్నాను. ఎవరికి దొరికినా పారెయ్యొద్దు, అక్కడే ఉండనియ్యండి. సునీతకు మాత్రం చూపొద్దు. వాళ్ళమ్మ ఇంతగా తటపటాయించిందని దానికి తెలియొద్దు.